డబ్బు సందేహాలు: ఆ పది శాతం నిజంగా పది శాతమేనా?

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే బాపతు. బ్యాంకులోనో, ఏజెంటు నోటో, ఫోన్లో యాప్‌లోనో ఏదో మాట తగిలింది, అడిగితే ఏమనుకుంటారోనని తలూపి వచ్చేశారు, ఇంటికొచ్చాక బుర్ర తొలిచేస్తోంది. డిక్షనరీ అర్థాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోకుండా, ఆ మాట చాటున మీ జేబులోంచి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అన్న లెక్కే రాస్తున్నాను. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మావారు సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్నారు, 2 లక్షలు తక్కువ పడ్డాయి. ఫైనాన్స్ కంపెనీవాళ్లు మూడేళ్లకి పది శాతం "ఫ్లాట్ రేటు" అంటున్నారు. మా కాలనీలో తెలిసినావిడ రూపాయిన్నర వడ్డీకి ఇస్తానంటోంది. అంటే ఏడాదికి 18 శాతం కదా, కంపెనీ లోనే నయం అని ఈయన వాదన. నిజమేనా? – ఓ గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: రెండూ ఒకటేనండీ. మీవారు ఒప్పుకోరేమో గానీ, ఈ లెక్క ఆయనకి చూపించండి.

ఫ్లాట్ అంటే మీరు మొదటిరోజు తీసుకున్న మొత్తం మీదే చివరి నెల దాకా వడ్డీ వేస్తారు. 2 లక్షలకి పది శాతం చొప్పున ఏడాదికి 20 వేలు, మూడేళ్లకి 60 వేలు. 2 లక్షల 60 వేలని 36 నెలలకి పంచితే నెలకి 7,222 రూపాయల ఈఎమ్ఐ. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఆ 7,222లో అసలు కింద పోయేది 5,556, వడ్డీ కింద పోయేది 1,667. ఏడాదిన్నర గడిచేసరికి మీరు అసలులో సగం తీర్చేసి ఉంటారు, అయినా వడ్డీ మాత్రం 2 లక్షల మీదే కడుతుంటారు. ఇక 36వ నెల చూడండి. మీరు బాకీ ఉన్న అసలు ఐదున్నర వేలు, దాని మీద ఆ ఒక్క నెలకి వడ్డీ 1,667 రూపాయలు! నూటికి ముప్ఫై రూపాయల వడ్డీ అన్నమాట. కాబూలీవాలా కూడా సిగ్గుపడతాడు.

తీర్చిన అసలుని ఎప్పటికప్పుడు తగ్గించుకుంటూ మిగిలినదాని మీదే వడ్డీ వేస్తే దాన్ని రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అంటారు. హోమ్ లోన్లన్నీ ఇలాగే ఉంటాయి. ఈ పద్ధతిలో అదే పది శాతానికి ఈఎమ్ఐ 6,453 వస్తుంది, మూడేళ్లకీ కలిపి వడ్డీ 32 వేల చిల్లర. మీకు చెప్పిన 7,222 ఈఎమ్ఐని రెడ్యూసింగ్ లెక్కలోకి మారిస్తే రేటు దాదాపు 18 శాతం, అంటే సరిగ్గా మీ కాలనీ ఆవిడ చెప్పిన రూపాయిన్నర. పైగా కంపెనీవాళ్లు ప్రాసెసింగ్ ఫీజు అని, ఇన్సూరెన్స్ అని ముందే కోసుకుని చేతికి ఇస్తే 18 కూడా దాటుతుంది. అలాగని ఆవిడ దగ్గరే తీసుకోమని కాదు, ఆవిడకి మూడో ఏడు చివర అసలు 2 లక్షలూ ఒకేసారి కట్టాలి, అది ఎక్కణ్నుంచి తెస్తారో ముందే ఆలోచించుకోండి.

2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటుంది. ఇలాంటి వ్యక్తిగత అప్పులకి బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా సంతకానికి ముందే "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" ఇవ్వాలి, అందులో "ఏపీఆర్" అని ఒక అంకె ఉండాలి. ఫీజులతో సహా ఏడాదికి మీకు నిజంగా పడే ఖరీదు అదే. ఎగ్జిక్యూటివ్ ఎంత తియ్యగా మాట్లాడినా "ఏపీఆర్ ఎంత బాబూ" అని ఒక్క ముక్క అడిగి చూడండి.

మనవాళ్లకి ఎలాగూ రూపాయి వడ్డీ, రెండ్రూపాయల వడ్డీ అంటే ఠక్కున అర్థమవుతుంది కాబట్టి అన్నిట్నీ అందులోకే మార్చుకోమంటాను. ఏడాది రేటుని 12తో భాగిస్తే సరి. 7 శాతం ఎఫ్‌డీ అంటే యాభై ఎనిమిది పైసల వడ్డీ. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకి మూడున్నర శాతం అని ఉందంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా మూడున్నర అడిగితే దండం పెట్టి వచ్చేస్తాం, కార్డు మీదైతే "మినిమమ్ డ్యూ" కట్టేసి హాయిగా పడుకుంటాం.

ప్రశ్న: కొత్త మ్యూచువల్ ఫండ్ ఒకటి పది రూపాయల ఎన్‌ఏవీతో వస్తోంది. నా దగ్గరున్న పాత ఫండ్ ఎన్‌ఏవీ 500 దాటింది. పాతది అమ్మేసి చవగ్గా ఉన్న కొత్తది కొనడం మంచిదే కదా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: కాదు. ఎన్‌ఏవీ అంటే ఆ ఫండ్ దగ్గరున్న షేర్లు, బాండ్ల విలువలోంచి ఖర్చులు తీసేసి, మొత్తం యూనిట్లతో భాగిస్తే వచ్చే అంకె, అంతే. మీరు 10 వేలు పెడితే కొత్తదాంట్లో వెయ్యి యూనిట్లు, పాతదాంట్లో 20 యూనిట్లు వస్తాయి. లోపలున్న షేర్లు పది శాతం పెరిగితే రెండు చోట్లా మీకు 11 వేలే. వెయ్యి యూనిట్లు ఉన్నాయన్న తృప్తి తప్ప మిగిలేదేం లేదు. పాత ఫండ్‌కి కనీసం వెనక్కి తిరిగి చూసుకోవడానికి పదేళ్ల చరిత్ర ఉంది, కొత్తదానికి బ్రోచర్ ఉంది. పైగా పాతది అమ్మితే పన్ను. ఈక్విటీ ఫండ్ (షేర్లలో పెట్టే ఫండ్) ఏడాది దాటి ఉంచుకుని అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేలకి మించిన లాభం మీద 12.5 శాతం, ఏడాదిలోపే అయితే లాభం మీద 20 శాతం. 2024 జులై 23 నుంచి ఇదే రేటు.

ప్రశ్న: 5 లక్షల చిట్టీలో ఉన్నాను. 25 మందిమి, 25 నెలలు, నెలకి 20 వేలు. చివరిదాకా ఎత్తకుండా ఉంటే ఎఫ్‌డీ కంటే మెరుగని, నెలనెలా డివిడెండ్ కూడా వస్తుందని అంటున్నారు. ఈ డివిడెండూ షేర్ల డివిడెండూ ఒకటేనా? – బట్టల షాపు యజమాని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కానే కాదండీ. షేర్లలో డివిడెండ్ కంపెనీ సంపాదించిన లాభంలోంచి వస్తుంది. చిట్టీలో డివిడెండ్ అవసరం పడి పాట పాడిన మీ తోటి సభ్యుడి జేబులోంచి వస్తుంది. ఆ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

ఐదో నెలలో ఒకాయనకి కూతురి పెళ్లి. లక్ష వదులుకుని పాడాడు. చేతికి 4 లక్షలు వస్తాయి. ఆ వదులుకున్న లక్షలోంచి ముందు చిట్టీ నడిపే ఫోర్‌మన్ తన కమీషన్ తీసుకుంటాడు. ఐదు శాతమైతే 25 వేలు, అది లక్ష మీద కాదు, మొత్తం చిట్టీ 5 లక్షల మీద. మిగిలిన 75 వేలు 25 మందికి పంచితే తలా 3 వేలు. అంచేత ఆ నెల మీరు 20 వేలకి బదులు 17 వేలు కడతారు. మొదట్లో పాట జోరుగా ఉంటుంది, రానురాను చల్లబడుతుంది కాబట్టి డివిడెండూ తగ్గిపోతుంది.

ఇప్పుడు మీ సంగతి. సగటున నెలకి 2,200 డివిడెండ్ వచ్చిందనుకుందాం. మీరు నెలకి 17,800 చొప్పున 25 నెలలు కడితే 4 లక్షల 45 వేలు. ఆఖర్న కమీషన్ పోను 4 లక్షల 75 వేలు వస్తాయి. లాభం 30 వేలు. డబ్బంతా మొదటిరోజే పెట్టలేదు, కొంచెం కొంచెంగా పెట్టారు కాబట్టి సగటున ఏడాదిపాటు పెట్టినట్టు లెక్క. అంటే ఏడాదికి ఆరున్నర, ఏడు మధ్య. మంచి బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కి అటూఇటూ.

అసలు తిరకాసు కమీషన్‌లో ఉంది. 2019లో చిట్ ఫండ్స్ చట్టాన్ని సవరించినప్పుడు ఫోర్‌మన్ గరిష్ఠ కమీషన్‌ని 5 నుంచి 7 శాతానికి పెంచారు. వినడానికి రెండు శాతమే. పాటలు అవే, సభ్యులు వాళ్లే, కమీషన్ ఒక్కటి 7 అనుకోండి. ప్రతి నెలా ఫోర్‌మన్‌కి 10 వేలు అదనంగా పోతాయి, మీ డివిడెండ్ 2,200 నుంచి 1,800కి దిగుతుంది. మీరు కట్టేది 4 లక్షల 55 వేలు, చివర్లో వచ్చేది 4 లక్షల 65 వేలు. లాభం 10 వేలు, ఏడాదికి రెండు శాతం చిల్లర! సేవింగ్స్ ఖాతాలో పడేసినా దాదాపు అంత వస్తుంది. కాబట్టి "డివిడెండ్ ఎంత" అని అడిగే ముందు "కమీషన్ ఐదా ఏడా" అని అడగండి.

ఐదో నెలలో ఎత్తుకున్నాయన సంగతీ చూద్దాం. అప్పటికి ఆయన కట్టిన ఐదు వాయిదాలు తీసేస్తే నికరంగా చేతికొచ్చిన అప్పు 3 లక్షల 11 వేలు, ఇక ముందు 20 నెలలు 17,800 చొప్పున కట్టాలి. లెక్కేస్తే దాదాపు 16 శాతం, రూపాయి పావలాకి కాస్త పైన. పర్సనల్ లోన్ దొరకని షాపు యజమానికి అది మరీ అన్యాయమేం కాదు. అందుకే చిట్టీ అవసరానికి ఎత్తుకునేవాళ్లకి పనికొస్తుంది, ఊరికే దాచుకుందామనుకునేవాళ్లకి అంతగా కాదు అంటాను. ఎత్తుకున్నాక షూరిటీల కోసం తిరగాల్సి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

మరొకటి, మీ ఉత్తరంలో చిట్టీ రిజిస్టర్ అయిందో లేదో రాయలేదు. చిట్ల రిజిస్ట్రార్ అనుమతి ఉన్న గ్రూపేనా, అగ్రిమెంట్ కాపీ మీ దగ్గరుందా చూసుకోండి. నోటుబుక్కులో పేర్లు రాసుకుని నడిపే చిట్టీ అయితే పైన నేను వేసిన లెక్కలన్నీ వృథా, ఎందుకంటే ఫోర్‌మన్ తాళం వేసుకుపోయిన రోజున మీరు చూపించడానికి కాగితం ఉండదు.

ప్రశ్న: మా బావ 2010లో షాద్‌నగర్ దగ్గర 10 లక్షలు పెట్టి ప్లాటు కొని, 2025లో 40 లక్షలకి అమ్మాడు. "300 శాతం లాభం, నీ ఎఫ్‌డీలో 7 శాతం" అని ప్రతి పండక్కీ ఎగతాళి చేస్తున్నాడు. ఏం చెప్పాలి? – ఎల్బీనగర్

జవాబు: మొత్తం లాభాన్నీ ఏడాది రేటునీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదని చెప్పండి. ఏడాదికి సగటున ఎంత చొప్పున పెరిగిందో చెప్పేదాన్ని సీఏజీఆర్ అంటారు. ఫోన్లో లెక్క వేయకుండానే తెలుసుకునే చిట్కా ఉంది. డబ్బు ఒకసారి రెట్టింపు కావడానికి పట్టిన ఏళ్లతో 72ని భాగించండి. బావగారి డబ్బు 15 ఏళ్లలో నాలుగింతలైంది, అంటే రెండుసార్లు రెట్టింపైంది, ఒక్కో రెట్టింపుకి ఏడున్నరేళ్లు. 72ని ఏడున్నరతో భాగిస్తే 9.6 శాతం. 300 ఎక్కడ, 9.6 ఎక్కడ!

అదే 10 లక్షలు 7 శాతం చొప్పున చక్రవడ్డీలో ఉంటే 15 ఏళ్లకి 27 లక్షల 60 వేలు అయ్యేది. కాబట్టి బావే గెలిచాడు, అది ఒప్పుకోవాలి. కాకపోతే రిజిస్ట్రేషన్ ఖర్చు, చుట్టూ గోడ, ఎల్ఆర్ఎస్ (లేఔట్ క్రమబద్ధీకరణ ఫీజు) కట్టి ఉంటే అది, అమ్మినప్పుడు బ్రోకర్ కమీషన్, పన్ను ఇవన్నీ తీసి చెప్పమనండి. ఎఫ్‌డీ వడ్డీ మీద మీరూ ఏటా పన్ను కడతారనుకోండి, ఆయన ఆ మాట అంటే నోరు మెదపకండి.

సిప్ పేరుతో మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కడుతున్నవాళ్లకి యాప్‌లో "ఎక్స్ఐఆర్ఆర్" అని కనిపిస్తుంది. అదీ ఇలాంటిదే, ఒక్కో వాయిదా ఒక్కో తేదీన కట్టారు కాబట్టి ప్రతి వాయిదాకీ దాని వయసు చూసి వేసిన ఏడాది రేటు. సిప్ మొదలుపెట్టి నాలుగు నెలలైనా కాకముందే అది 40 చూపించినా, మైనస్ 25 చూపించినా పట్టించుకోకండి.

ప్రశ్న: ఓ ఇన్సూరెన్స్ పాలసీలో ఏడాదికి 50 వేలు 20 ఏళ్లు కడితే 20 లక్షలు వస్తాయి, "డబుల్ గ్యారంటీ" అంటున్నారు. తీసుకోవచ్చా? – ఉప్పల్

జవాబు: కట్టేది 10 లక్షలు, వచ్చేది 20 లక్షలు, కాబట్టి డబులే, అబద్ధం లేదు. రేటు మాత్రం ఏడాదికి ఆరు శాతం పైచిలుకు. దానికి తోడు కొద్దిగా బీమా. ఇంటికి పెద్దదిక్కు మీరే అయితే ఆ కొద్ది బీమా ఎటూ చాలదు. టర్మ్ పాలసీ (పొదుపు కలపని ఉత్త ప్రాణబీమా) విడిగా తీసుకోండి, దాచుకునేది విడిగా దాచుకోండి. ఏజెంటు చుట్టమైతే కాఫీ ఇచ్చి పంపండి.

ప్రశ్న: ఫండ్‌లో డైరెక్ట్, రెగ్యులర్ అని రెండున్నాయి. రెగ్యులర్ అంటే మామూలుగా అందరూ తీసుకునేదే కదా అని అది ఎంచుకున్నాను. సరైనదేనా? – టీచర్, తార్నాక

జవాబు: పేరు అలా పెట్టారు గానీ టీచర్‌గారూ, రెగ్యులర్ అంటే మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉన్న ప్లాను. ఆయన కమీషన్ మీకు బిల్లుగా రాదు, ఫండ్ రోజువారీ ఖర్చుల్లో కలిసిపోయి ఎన్‌ఏవీలోంచే తగ్గిపోతుంది. డైరెక్ట్‌లో ఆ కమీషన్ ఉండదు. షేర్లు అవే, మేనేజర్ అతనే. 2013 జనవరి నుంచి ప్రతి ఫండూ డైరెక్ట్ ప్లాను ఇవ్వాల్సిందే. ఈ ఖర్చు మొత్తాన్ని ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. నెలకి 10 వేల సిప్, 20 ఏళ్లు, ఖర్చు తేడా ఒక్క శాతం అనుకుందాం. 12 శాతం పెరిగితే దాదాపు కోటి, 11 శాతమైతే 87 లక్షల చిల్లర. ఒక్క శాతం ఖరీదు పన్నెండున్నర లక్షలు. (12 అన్నది లెక్క కోసమే, మార్కెట్ ఎవరికీ రాసివ్వదు.)

ఆ డిస్ట్రిబ్యూటర్ మార్కెట్ పడ్డప్పుడు ఫోన్ చేసి "అమ్మకండి" అని ఆపేవాడైతే ఆ ఒక్క శాతం గిట్టుబాటే. సంతకాలు పెట్టించుకుని పోయి మళ్లీ కనబడనివాడైతే దేనికి ఇస్తున్నట్టు?

ప్రశ్న: ఓ కంపెనీ "500 శాతం డివిడెండ్" ప్రకటించిందని పేపర్లో చదివాను. వంద పెడితే 500 ఇస్తారా? – రైల్వే రిటైర్డ్ ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: ఇవ్వరండీ. ఆ శాతం ముఖ విలువ (షేరుకి కంపెనీ పెట్టిన అసలు విలువ) మీద, మీరు కొన్న ధర మీద కాదు. ముఖ విలువ 2 రూపాయలైతే 500 శాతం అంటే షేరుకి 10 రూపాయలు. మార్కెట్లో ఆ షేరు 1,500 ఉంటే మీకు దక్కేది ముప్పాతిక శాతం కూడా కాదు. దాన్నే డివిడెండ్ యీల్డ్ అంటారు, చూడాల్సింది అదే. మ్యూచువల్ ఫండ్‌లో "డివిడెండ్" మరీ విడ్డూరం. మీ యూనిట్ల విలువలోంచే తీసి మీకిచ్చి, ఎన్‌ఏవీని అంతమేరకు తగ్గిస్తారు. అది చూసి జనం లాభం అనుకుంటున్నారనే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 ఏప్రిల్ నుంచి ఆ పేరే మార్పించింది.

ప్రశ్న: "సెన్సెక్స్ 800 పాయింట్లు ఢమాల్" అని టీవీలో ఎర్రక్షరాలు చూస్తే టెన్షన్ వచ్చేస్తోంది. – బోడుప్పల్

జవాబు: పాయింట్లు చూడకండి, శాతం చూడండి. సెన్సెక్స్ అంటే 30 పెద్ద కంపెనీల విలువ 1978-79లో వంద అనుకుంటే ఇప్పుడెంత అని చెప్పే అంకె. 80 వేల దగ్గరున్నప్పుడు 800 అంటే ఒక్క శాతం. ఒకప్పుడు 4 వేల దగ్గరున్నప్పుడు 800 పడి ఉంటే ఇరవై శాతం, అప్పుడు ఢమాల్ అంటే అర్థముండేది.

ప్రశ్న: రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 12 లక్షలు ఓ కోఆపరేటివ్ బ్యాంకులో వేద్దామనుకుంటున్నాను. ఒక శాతం వడ్డీ ఎక్కువ. "డిపాజిట్‌కి ఇన్సూరెన్స్ ఉంది" అంటున్నారు. – మల్కాజ్‌గిరి

జవాబు: ఉంది, కానీ 5 లక్షల వరకే. అసలూ వడ్డీ కలిపి ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షలు. మల్కాజ్‌గిరి బ్రాంచిలో సగం, నాచారం బ్రాంచిలో సగం వేసినా ఒకటే బ్యాంకు కిందే లెక్క. ఈ హామీ ఇచ్చేది రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ. 2020 ఫిబ్రవరి 4కి ముందు లక్షే ఉండేది. 2000ల మొదట్లో మన సిటీలో కోఆపరేటివ్ బ్యాంకులు మూతపడ్డప్పుడు క్యూల్లో నిలబడ్డ పెద్దవాళ్లు మీ బస్తీలోనే ఉంటారు, అడగండి. 12 లక్షల్లో 5 పోను మిగిలిన 7 లక్షలకి దిక్కెవరు? మీ పేరు మీద కొంత, ఆంటీగారి పేరు మీద కొంత, వేరే బ్యాంకులో కొంత పెట్టుకోండి. ఇంకో మాట, బోర్డు మీద "బ్యాంకు" అని కాకుండా "క్రెడిట్ సొసైటీ" అని ఉంటే ఆ 5 లక్షలూ లేవు.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం చేస్తూనే "ఎఫ్ అండ్ ఓ" చేస్తున్నాడు. అదీ షేర్లేనమ్మా అంటాడు. గదిలో తలుపేసుకుని కూర్చుంటున్నాడు. – ఓ తల్లి, మియాపూర్

జవాబు: షేర్లు కావమ్మా. ఎఫ్ అండ్ ఓ అంటే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, ధర ఎటు కదులుతుందోనని గడువు పెట్టి కాసే పందెం లాంటివి. షేరు కొంటే పడిపోయినా చేతిలో ఉంటుంది, ఏళ్ల తరబడి ఆగొచ్చు. ఆప్షన్‌కి గడువుంటుంది. అనుకున్న రోజులోపు అనుకున్న దిక్కుకి మార్కెట్ కదలకపోతే పెట్టింది సున్నా అవుతుంది, మర్నాటిదాకా కూడా ఆగదు. సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్కలు బయటపెట్టింది. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇందులో దిగిన కోటిమందికి పైగా మామూలు మనుషుల్లో 93 శాతం నష్టపోయారు, తలా సగటున 2 లక్షలు. వాళ్లందరూ తెలివితక్కువవాళ్లు కారు, మీ అబ్బాయిలాంటి చదువుకున్నవాళ్లే.

తిట్టకండి, తిడితే ఫోన్ దాచుకుంటాడు. ఒక పని చేయమనండి. ట్రేడింగ్ యాప్‌లో గత ఏడాది "ట్యాక్స్ పీ అండ్ ఎల్" (లాభనష్టాల) రిపోర్టు దించి, బ్రోకరేజీ, పన్నులు, చార్జీలన్నీ పోయాక చివర్న మిగిలిన అంకె మీకు చూపించమనండి. గెలిచిన రోజులే గుర్తుంటాయి ఈ ఆటలో, కాగితానికి అన్నీ గుర్తుంటాయి. అప్పు తెచ్చి ఆడుతున్నాడేమో కూడా నెమ్మదిగా కనుక్కోండి. నష్టమొచ్చినా రిటర్న్ వేయాలని చెప్పండి. ఇది వ్యాపార ఆదాయం కింద లెక్క, గడువులోపు వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లి వ్యాపార లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: పన్ను మినహాయింపు కోసం ఈఎల్ఎస్ఎస్ ఫండ్‌లో మూడేళ్లు సిప్ కట్టాను, లాక్-ఇన్ మూడేళ్లే కదా, తీసుకుందామంటే యాప్ కొంచెమే చూపిస్తోంది. మోసమా? – అమీర్‌పేట

జవాబు: మోసం కాదు. ప్రతి వాయిదాకీ విడిగా మూడేళ్లు. మొదటి నెల కట్టింది ఇప్పుడు వస్తుంది, రెండోది వచ్చే నెల, మొన్న కట్టింది ఇంకో మూడేళ్లకి. డబ్బు అర్జెంటైతే కొత్త వాయిదాలు ఇవాళే ఆపేయండి. కొత్త పన్ను విధానంలోకి మారి ఉంటే దీని మీద మినహాయింపు కూడా రాదు.